మీదింటాయన పేరు

ఆ శరదృతువులో బురుల్ ఇంట్లో ఇంగ్లీషు చీటీ అంటించని వస్తువు మిగల్లేదు. గొర్రెల కొట్టం తలుపు మీద ‘టర్నౌట్’ అని ఉండేది, అంటే ఎంతమంది ఓటుకొచ్చారన్న లెక్క. పొద్దున మేతకు వెళ్ళిన పద్నాలుగింటిలో సాయంత్రానికి ఎన్ని తిరిగొచ్చాయో లెక్కపెట్టి, నూటికి ఎంతో బురుల్ ఇంగ్లీషులో గట్టిగా అరిచేది. పొయ్యి పక్క జాగా ఎవరికీ వదలని ముసలి పిల్లి మెడకు దారంతో ‘ఇన్‌కంబెంట్’ అని కట్టింది. అంటే పదవిలో కూర్చుని, మళ్ళీ అదే కుర్చీ కోసం పోటీ చేసేవాడు. ఆ మాటను ఆమె ఇక జన్మలో మరిచిపోదు.

“గొర్రెలు కూడా ఓటేస్తున్నాయా ఏమే?” అంది అత్తగారు సుయుమ్‌కాన్, నూనెలో వేయించే బోర్సోక్‌లకు పిండి పిసుకుతూ.

“వేస్తే మనకన్నా బుద్ధిగానే వేస్తాయి అపా,” అంది బురుల్. కిర్గిజ్ కోడళ్ళు అత్తగారిని అమ్మా అన్నట్టే అపా అంటారు. అత్తలు కోడలిని కెలిన్ అంటారు.

“నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది నీకు. ఆ పిల్లికి దారం విప్పు, ఊపిరాడక చస్తుంది.”

బురుల్ విప్పలేదు. ఆమె మొండితనం అలాంటిది. నారిన్ పట్నంలో ఇంగ్లీషు చదువు రెండో ఏడు నడుస్తుండగా పెళ్ళయింది. ఆ పుస్తకాలు పదహారేళ్ళు పెట్టెలో మగ్గాయి. ఎన్నికలు చూడడానికి విదేశాల నుంచి పరిశీలకులు వస్తున్నారనీ, వాళ్ళ పక్కన ఉండి ఇక్కడి మాటలు ఇంగ్లీషులో చెప్పే మనుషులు కావాలనీ తెలియగానే పెట్టె తాళం తీసింది. వసంతంలో పరీక్షకు వెళ్ళి తప్పింది. ఇప్పుడు జిల్లా మొత్తానికి ఒక్క చోటే ఖాళీగా ఉంది. ఇంకొక్కసారి రమ్మన్నారు, అదే ఆఖరు.

తప్పింది మాటలు రాక కాదు. రేడియో వార్త వినిపించి ఇంగ్లీషులో చెప్పమన్నారు. గడగడా చెప్పుకుంటూ పోయి, ఒక అభ్యర్థి పేరు దగ్గర ఆగిపోయింది. ఆయన ఆమె మామగారికి సొంత అన్న. భర్త వైపు పెద్దల పేర్లు కోడలు పలకకూడదు. రేడియో పలకవచ్చు, గోడ మీద పోస్టరు పలకవచ్చు, కావాలంటే ఈ కథ చెబుతున్న నేనూ పలకగలను. ఆ ఇంటి కోడళ్ళు మాత్రం పలకరు. ఆయన ఇల్లు కొండ వాలు మీద ఉంది కాబట్టి వాళ్ళకు ఆయన మీదింటాయన, అంతే. పరీక్షలో కూడా బురుల్ “పైనున్న ఇంటి పెద్దాయన” అనే చెప్పింది. ఎదురుగా కూర్చున్న విదేశీ పరిశీలకురాలు బ్రిగిట్టా కలం ఆపి, “ఏ ఇల్లు?” అని అడిగింది. బురుల్ తల వంచుకుంది. పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“అపా, ఒక్క మాట అడుగుతా. పరీక్షలో ఆయన పేరొస్తే చెప్పనా?”

సుయుమ్‌కాన్ పిండి మీద నుంచి చెయ్యి తీసింది. “ఆయన తమ్ముణ్ణి చేసుకుని నలభై రెండేళ్ళు. నా నోట ఒక్కసారి రాలేదు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నీ నోట రావాలా?”

“ఉద్యోగం అపా.”

“ఉద్యోగం కోసం పెద్దల్ని నోట్లో వేసుకుని నములుతావా? కూడదంటే కూడదు.”

బురుల్ చదువు మానలేదు. తెల్లవారుజామున ఆవు పాలు పితుకుతూ పదాలన్నీ వల్లె వేసేది. రెండు వందల పన్నెండు వచ్చాయి. చివర ఆ పేరు పలకబోతే నోరు తెరుచుకునేది కాని గొంతు లేచేది కాదు. వినడానికి ఆవు తప్ప ఎవరూ లేరు. అయినా సిగ్గుతో చెవులు వేడెక్కేవి. అప్పుడు తనమీద తనకే కోపం వచ్చి, మొదటి పదం నుంచి మళ్ళీ మొదలుపెట్టేది.

పరీక్ష రోజున అత్తగారికి పన్ను పోటు వచ్చింది. జిల్లా ఊళ్ళో పళ్ళ డాక్టరు ఉన్నాడని ఆవిడా బురుల్ వెళ్ళే వ్యానే ఎక్కింది. డాక్టరు మధ్యాహ్నం గాని రాడని చెప్పారు. బయట చలి కొరికేస్తోంది. పరీక్ష జరిగే హాల్లో వెచ్చగా ఉంటుందని సుయుమ్‌కాన్ నేరుగా లోపలికొచ్చి, చెంపకు శాలువా అదుముకుని వెనక బెంచీ మీద కూర్చుంది. బురుల్ ఆవిడ వైపు వీపు తిప్పి కూర్చుంది.

పరీక్ష పెట్టే మైరమ్ ఎజే రాజధాని నుంచి వచ్చింది. ఎజే అంటే అక్క. ఆవిడ పరాయిదైనా అందరికీ అక్కే. పక్కన బ్రిగిట్టా, అదే కలంతో. మైరమ్ ఎజే వార్త పెట్టింది. రేడియో కిర్గిజ్ భాషలో చెప్పుకుపోయింది: నడవలేని ఓటర్ల ఇళ్ళకు తీసుకెళ్ళే ఓటు పెట్టె వెంట, ఇప్పుడు పదవిలో ఉన్న అభ్యర్థి తానూ వెళ్ళి, ముసలివాళ్ళ ఓటు చీటీలు తన చేత్తోనే నింపాడని పోయిన ఎన్నికల నాటి ఫిర్యాదులు రెండు బయటికొచ్చాయి. ఆ అభ్యర్థి పేరు మీదింటాయనదే.

“చెప్పు చెల్లీ,” అంది మైరమ్ ఎజే.

బురుల్ మొదలుపెట్టింది. బ్యాలట్ వచ్చింది, కంప్లెయింట్ వచ్చింది, ఇన్‌కంబెంట్ ఎక్కడా తడబడకుండా వచ్చింది. పేరు ముందు ఆగింది. బ్రిగిట్టా తలెత్తింది. వెనక బెంచీ కిర్రుమంది. నారిన్‌లో సగంలో ఆగిన చదువు గుర్తొచ్చింది. ఇప్పుడు ఆగితే ఇక ఎవరూ అడగరు, ఇంటికెళ్ళి చీటీలు పీకెయ్యడమే. బురుల్ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

“జుమాకదిర్,” అంది.

కప్పు కూలలేదు. మిగిలిన వాక్యం కూడా పూర్తి చేసింది. బ్రిగిట్టా ఈసారి ఏ ఇల్లని అడగలేదు, రాసుకుంది. మైరమ్ ఎజే సొరుగులోంచి మెడలో వేసుకునే దుబాసీ కార్డు తీసి బురుల్ ముందుకు జరిపింది. బురుల్‌కు ఏడుపొచ్చింది. కాని ముందు వెనక్కి తిరిగి చూడాలి. చూసేసరికి సుయుమ్‌కాన్ శాలువా మెడ మీదికి జారవిడిచి, బెంచీల మధ్య నుంచి నడిచొస్తోంది. అందరి ముందూ తిడుతుందని బురుల్ పళ్ళు బిగించింది.

అత్తగారు ఆమె వైపు చూడనైనా లేదు. బల్ల దగ్గర నిలబడి, “ఈ దొరసానికి చెప్పు,” అంది. “రెండు కాదు, మూడు. పోయినసారి నాకు కాలు విరిగింది. పెట్టె మా ఇంటికీ వచ్చింది. నా చేతిలో కలం లాక్కుని, ‘నీకెందుకు శ్రమ’ అని చీటీ నింపేశాడు. నేను వెయ్యాలనుకుంది అతనికి కాదు.”

“అపా, ఎప్పుడూ చెప్పలేదే!”

“కాలు బాగయ్యాక ఎన్నికల ఆఫీసుకెళ్ళి చెప్పానే. ఎవరు నింపారని గుమాస్తా అడిగాడు. నా నోట రాలేదు. ‘గుర్తు తెలియని వ్యక్తి’ అని రాసుకున్నాడు. ఊరంతా తెలిసిన మా ఆయన అన్న, గుర్తు తెలియని వ్యక్తి! చూస్తావేంటి? చెప్పు.”





బురుల్ చెప్పింది. ఒక్క మాట వదలకుండా చెప్పింది. బ్రిగిట్టా శ్రద్ధగా విని, ముసలావిడ వైపే తిరిగి, “నింపినవారి పేరు?” అని అడిగింది.

బురుల్ ఆ ప్రశ్న కిర్గిజ్‌లో చెప్పి, “నేను చెప్పనా అపా?” అంది మెల్లగా.

“నువ్వు నోర్మూసుకో. అడిగింది నన్ను.”

సుయుమ్‌కాన్ వాచిన చెంప మీద చెయ్యి తీసేసింది. పెదాలు రెండుసార్లు ఊరికే కదిలాయి. మూడోసారి ఆ పేరు బయటికొచ్చింది, హాలు చివరిదాకా వినబడేంత గట్టిగా. బ్రిగిట్టా కాగితం మీద రాసింది.

“సరిగ్గా రాసిందేమో చూడు కెలిన్,” అంది సుయుమ్‌కాన్ కోడలి భుజం పట్టుకుని. “ఒక్క అక్షరం కూడా పోకూడదు.”