ఎముక ఎంత వంగుతుంది

"ఎక్కడ పడింది?" అని అందరూ అడిగారు. అక్క ఎక్కడా పడలేదు. అలమర పై అరలోంచి దుప్పటి తీద్దామని చేతులెత్తి, నడుం కాస్త తిప్పింది, అంతే. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైందట. వెన్నులో ఒక పూస నలిగిపోయింది.

ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్న చెల్లెల్ని డాక్టరమ్మ ఎగాదిగా చూసి, "మీరూ ఒకసారి ఎముకల పరీక్ష చేయించుకోండి. ఇది ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం మామూలే" అంది.

చెల్లెలికి నవ్వొచ్చింది. ఆమెకి యాభై నాలుగేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా బడిలో డ్రిల్లు టీచరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి పిల్లలకు ఆమె ఈల టీచరు. జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా అక్క పోరు పడలేక వెళ్లింది.

బల్ల మీద పడుకోబెట్టారు. పైన మిషను చెయ్యి ఒకటి నడుం మీదుగా, తుంటి మీదుగా మెల్లగా జరిగింది. సూది లేదు, నొప్పి లేదు. పావుగంటలో కాగితం చేతికొచ్చింది. మైనస్ మూడు పాయింట్ ఒకటి.

"మైనస్ రెండున్నర దాటితే ఎముక బాగా పలచబడినట్టు లెక్క" అంది డాక్టరమ్మ. "కంగారు పడకండి. వారానికో మాత్ర రాస్తాను. బాగా నడవండి, మీ పని మానకండి."

ఈల టీచరు చెవులు 'పలచబడినట్టు' అన్నచోటే మూసుకుపోయాయి. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిందేదీ బుర్రకెక్కలేదు. మెట్లు దిగుతూ మొదటిసారిగా రెయిలింగు పట్టుకుంది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే భయం నిజమైపోతుందనిపించింది. మాత్రని ఆదివారం పరగడుపున గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంట నిటారుగా కూర్చోవాలి, పడుకోకూడదు. భర్త లేవకముందే వంటింట్లో స్టూలు మీద కూర్చుని, గోడ గడియారం చూస్తూ ఆ అరగంటా గడిపేది. మంచం మీద వెల్లకిలా పడుకుంటే తెల్లారేదాకా పక్కకి తిరిగేది కాదు. తుమ్ము వస్తే ముందు బల్ల అంచు పట్టుకునేది. తుమ్మితే పూస నలిగినవాళ్లు కూడా ఉంటారని ఎవరో చెప్పగా విన్నది.

అన్నిటికంటే బడి గంట. అంతకుముందు ఆ గంట కొట్టమని తనే సైగ చేసేది. ఇప్పుడది మోగబోతుందంటేనే ఆనుకోవడానికి గోడ వెతుక్కునేది. గంట మోగగానే నాలుగు వందలమంది ఒక్కసారిగా వరండాలోకి పడేవాళ్లు. బ్యాగులు, మోచేతులు, వెనక్కి తిరిగి పరిగెత్తే వెధవలు. ఒకరోజు ఆ వరదలో మధ్యన చిక్కుకుపోయింది. గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ పొట్టకి అదుముకుని, కళ్లు మూసుకుంది. ఎవడిదో బ్యాగు తుంటికి తగిలింది. ఊపిరి బిగబట్టి లోపల చప్పుడు వస్తుందేమోనని విన్నది. ఏమీ రాలేదు. వరండా ఖాళీ అయ్యాక కూడా కదల్లేకపోయింది.

మర్నాటినుంచి మోకాలు నొప్పని అబద్ధం చెప్పి గ్రౌండులో కుర్చీ వేయించుకుంది. గంటకి ముందే స్టాఫు రూములోకి వెళ్లి తలుపు వేసుకునేది. అలా ఆరు నెలలు.

ఒక ఆదివారం స్టూలు మీద కూర్చుని ఉండగా భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన కారు నడపడం నేర్పే బడిలో మాస్టారు.

"ఎన్నాళ్లన్నారు?" అన్నాడు.

"ఏంటండీ?"

"దాచకు. ఆరు నెలలుగా చూస్తున్నాను. తెల్లారకముందే లేస్తావు, దొంగతనంగా మాత్ర మింగుతావు, శవంలా కూర్చుంటావు. ఎంతకాలం ఉంటావని చెప్పారు?"

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొత్తం చెప్పేసింది.

"ఎముకలా?" అన్నాడాయన. "ఒట్టి ఎముకలేనా?" నేల మీదే చతికిలబడి నవ్వబోయాడు, నవ్వు కాస్తా ఏడుపైపోయింది. "నా ప్రాణాలు తోడేశావు కదే! బ్రేకు ఏదో క్లచ్చి ఏదో తెలియనివాళ్ల పక్కన రోజూ కూర్చుంటాను. ఎప్పుడూ ఇంత భయపడలేదు."

తర్వాతి వారం ఆయనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ ఒక కొత్త పరిశోధన సంగతి చెప్పింది. "మనం చూసింది ఎముక ఎంత చిక్కగా ఉందో. అది ఎంత గట్టిదో నేరుగా కొలిచే మిషను ఒకటి వైద్య కళాశాలలో పరీక్షిస్తున్నారు. కొయ్యడం, గుచ్చడం ఏమీ ఉండదు. మీలాంటివాళ్లే వాళ్లకి కావాలి."

"గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది? విరిచి చూస్తారా?" అంది ఈల టీచరు. డాక్టరమ్మ నవ్వింది కానీ ఆమె అడిగింది నవ్వించడానికి కాదు.

అక్కకి ఫోను చేస్తే ఒకటే మాట అంది. "నాకు ముందే చెప్పినవాళ్లు లేరే. నీకున్నారు. వెళ్లు."

వైద్య కళాశాలలో ఆ మిషనున్న గదిలో డాక్టర్లెవరూ లేరు. పాతికేళ్ల ఇంజనీరమ్మాయి ఒకతె ఉంది. పడుకోబెట్టి, ముంజేతిని మోచేతి దగ్గరా మణికట్టు దగ్గరా మెత్తల మీద ఆనించింది. మధ్యలో, చిటికెనవేలి వైపు ఎముక మీదికి, బొటనవేలంత మొన ఒకటి దించింది.

"ఇది సన్నగా వణుకుతూ కాస్త నొక్కుతుందండీ. ఎముక ఎంత వంగుతుందో చూస్తాం."

"వంగుతుందా? నా ఎముకా?"

"అందరిదీ వంగుతుందండీ, కంటికి కనపడనంత. తక్కువ వంగితే గట్టిదన్నమాట."

మొన చర్మాన్ని నొక్కింది. గుర్రుమంటూ వణుకు మోచేతి దాకా పాకింది. ఈల టీచరు చెయ్యి లాగేసుకుంది. ఆ పిల్ల విసుక్కోలేదు. మొనని తన ముంజేతి మీద పెట్టుకుని మిషను ఆన్ చేసింది. "చూడండి, రోజుకి పదిసార్లు నా మీదే పెట్టుకుంటా. ఇంకా విరగలేదు."

రెండోసారి కూడా ఈల టీచరు లాగేసుకుంది. మూడోసారి భర్త లోపలికొచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆయన వేళ్లు నలిగిపోయేలా పిసుకుతూ, మిషను ఆగేదాకా పైకప్పుకేసి చూస్తూ పడుకుంది.

ఫలితానికి రెండు వారాలన్నారు. ఆ రెండు వారాలూ తిన్నది ఒంటపట్టలేదు.

"మీ చేతి ఎముక గట్టిగానే ఉంది. మీ వయసువాళ్ల సగటుకంటే కాస్త పైనే" అంది డాక్టరమ్మ. ఈల టీచరు ముఖం విప్పారేలోపే చెయ్యెత్తి ఆపింది. "ఆగండి. ఇది చేతి మాట. తుంటి గురించీ వెన్ను గురించీ ఇది చెప్పదు. మిషనే ఇంకా పరీక్షలో ఉంది. మాత్ర ఆపేది లేదు. ఇప్పుడు చేతులు ఆనించకుండా ఈ కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి."

ఈల టీచరు రెండుసార్లు లేచింది. మూడోసారి సగం లేచి ధబేలున వెనక్కి పడింది. మళ్లీ ప్రయత్నించింది. తొడలు గడగడా వణికాయి. పదేళ్ల పిల్లలకి గుంజీలు నేర్పిన మనిషి తలొంచుకుంది.

"మీ కాళ్లని చూస్తే భయమేస్తోంది నాకు" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఎముకల్ని కాపాడుకుందామని ఆరు నెలలు కూర్చున్నారు. కాళ్లలో బలం పోయింది. విరగడానికి ముందు మనిషి పడాలి కదా, పడకుండా పట్టుకునేవి ఈ కాళ్లే."

"మా అక్క పడలేదుగా?"

"లేదు. అందుకే మాత్ర కూడా" అంది డాక్టరమ్మ.

ఆ రోజునుంచి రోజూ కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. భర్త ఎదురుగా నిలబడి గేర్లు చెప్పేవాడు. "ఫస్టు గేరు... మెల్లగా... క్లచ్చి వదలకు." ఆమె తిట్టేది. రెండు నెలలకి పదిసార్లు లేవగలిగింది. బడిలో కుర్చీ తీసేయించింది. భయం మాత్రం పోలేదు. ప్రతి అడుగూ చూసి వేసేది.

అయినా పడింది. వానకి తడిసిన బడి మెట్ల మీద కాలు జారింది. ఒక మోకాలు మడిచి, పక్కకి ఒరిగి కూలబడింది. పిల్లలు బిగుసుకుపోయారు. "ముట్టుకోకండి" అని అరిచింది. కళ్లు మూసుకుని ఒళ్లంతా వెతుక్కుంది. నడుం. తుంటి. వేళ్లు. గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆ వానలో ఎంతసేపు అలా ఉందో ఆమెకే తెలియదు.

ఎక్స్‌రేలో ఏమీ విరగలేదు. తొడ మీద అరచేతంత నల్లగా కమిలిన మచ్చ, అంతే. ఎముక గట్టిదై కాచిందా, కాళ్లు కాచాయా అని అడిగితే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చెప్పలేను. ఈసారికి తప్పింది."

సాయంత్రం అక్క ఫోను చేసింది.

"విరిగిందా?"

"లేదక్కా."

"మరి ఎందుకే ఏడుస్తున్నావు?"

"తెలీదు."

అక్క నడుముకి పట్టీ కట్టుకుని మంచానికీ బాత్రూముకీ మధ్యే తిరుగుతోంది ఇన్నాళ్లూ. "ఆ కుర్చీ పని నాకూ నేర్పుతావా?"

"మీ డాక్టరుని ముందు అడుగు. సరేనంటే ఎల్లుండి వస్తాను. నిన్ను లేపాలంటే నాకు భయమే, ముందే చెబుతున్నా."

"రా. ఇద్దరం కలిసే భయపడదాం" అంది అక్క.