కింద పడ్డ అర్జీ

రాత్రి డ్యూటీ దిగి సతీష్ ఇంటికొచ్చేసరికి ఏడున్నర. అతనికి కావలసింది నిద్ర ఒక్కటే. కానీ పవర్ ప్లాంటు కాలనీలో క్వార్టర్ కోసం అర్జీ పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు. పది గంటలలోపు ఆఫీసులో ఇవ్వాలి. మహారాష్ట్రలోని ఆ చంద్రపూర్‌లో వాళ్ల వీధి జిరాక్స్ దుకాణంవాడు పదిన్నరకు గానీ షటరు ఎత్తడు.

ఇంట్లో ప్రింటరు లేకపోలేదు. కింద అన్న బాపయ్య గదిలో ఉంది. ఫోనులో పంపి, "అన్నా, జర తియ్యవా" అంటే నిమిషం పని. కానీ ఆ కాగితం అన్న కంట పడకూడదు. మేడ మీది ఈ రేకుల గది బాపయ్య కట్టింది. బొగ్గు గనిలో పని చేసుకుంటూ, సెలవు రోజుల్లో తనే సిమెంటు కలిపి తమ్ముడి కోసం కట్టాడు. అర్జీలోనేమో సతీష్ "ప్రస్తుతం ఉంటున్న గది మనిషి ఉండటానికి పనికిరాదు" అని మరాఠీలో రాశాడు. అబద్ధమేమీ కాదు. మే నెలలో పగలు అక్కడ పడుకోవడమంటే పెనం మీద పడుకోవడమే. మూడేళ్లుగా సరైన నిద్ర లేక మనిషి సగమయ్యాడు. అన్న చదివింది మరాఠీ బడిలో; తెలుగులో రాస్తే చదవరాదు, కానీ ఆఫీసువాళ్లకూ రాదే!

అందుకని పైనుంచే ప్రింటు తీయాలనుకున్నాడు. కింది రౌటరు నుంచి వైరు లాగి పైన ఇంకో రౌటరు పెట్టుకున్నాడు కాబట్టి పైది వేరే నెట్‌వర్కు. ల్యాప్‌టాప్ ఎన్నిసార్లు వెతికినా ప్రింటరు దొరకలేదనే చెబుతోంది.

"గింతసేపు దానితోని ఏం కొట్లాట? జర పండుకోరాదా," అంది భార్య వనిత.

తొమ్మిదింటికి కింది రౌటరు జాబితాలోంచి ప్రింటరు అడ్రసు నంబరు పట్టుకుని, దాన్ని ల్యాప్‌టాప్‌లో తనే కొట్టాడు. కనపడింది! ప్రింటు నొక్కాడు. అయిపోయిందని తెర మీద వచ్చింది. మురిసిపోతూ కాగితం కోసం చెయ్యి చాచాడు. అప్పుడు తట్టింది. నెట్‌వర్కు మీద పెట్టిన బుద్ధిలో కాస్తంత కాగితం మీద పెట్టలేదు మహానుభావుడు. అది పడేది కిందే కదా!

లేచి గుమ్మం దాటేలోపే బాపయ్య మెట్లెక్కి వచ్చేశాడు. చేతిలో రెండు కాగితాలు.

"మిషన్ల వచ్చింది. నీదేనా?"

సతీష్ తలూపాడు.

"ఆఫీసుల రెండు అడుగుతరు. ఇంకోటి గూడ తీసిన." బాపయ్య కాగితం మీద వేలు పెట్టాడు. "అంత రాసినవ్ గని, రేకులని రాయలే. రేకుల గది అని రాయి, జల్ది ఇస్తరు."

తిట్టినా బాగుండేది. సతీష్‌కు సిగ్గుతో ఏడుపొచ్చింది. "అన్నా..."

"రాయిరా, టైమైతుంది."

సతీష్ రాశాడు. బాపయ్య ఆ మాటను మెల్లగా చదువుకుని, తలెత్తి పైకప్పు చూశాడు.

"స్లాబు ఎయ్యాలనే ఉండెరా," అన్నాడు. "నువ్వు ఎన్నడూ ఉడుకపోస్తుందనలే. మంచిగనే నిద్రపోతున్నవనుకున్న."