ఊపిరి శబ్దం

పొద్దున్నే లేచి వినయ్ చేసే మొదటి పని లోకం మీద పడి తిరగడం. కాళ్ళతో కాదు లెండి. రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు వీధుల అవతల, మూడో అంతస్తు గదిలో, కూర్చున్న చోటు కదలకుండా నెట్‌లో తిరుగుతాడు. ఎవడో పాత బస్సు టికెట్ల మీది అక్షరాలు చూసి ముచ్చటపడి, వాటితో ఫాంటు తయారుచేసి ఊరికే పంచిపెడుతుంటాడు. ఇంకెవరో ఇద్దరు ఒక బటన్ మీద ఏ మాట ఉండాలా అని వారంగా పోట్లాడుకుంటుంటారు. పైసా రాని ఈ తగువులు చదువుతూ వినయ్ రోజూ కాఫీ చల్లార్చుకునేవాడు. పొట్టకూటికి వేరే ఉద్యోగం ఉంది. ప్రాణం మాత్రం ఇక్కడే, ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోగల ఈ సాఫ్ట్‌వేర్ల దగ్గర.

అతను కూడా ఒకటి రాసి లోకానికి వదిలాడు. కంప్యూటర్‌లో ఉన్న తెలుగుని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. చూపు లేనివాళ్ళు దాంతో పేపరు వింటారు, మెసేజ్‌లు వింటారు. అందులో మాట్లాడే గొంతు అతని అక్క సాయిసుధది.

సాయిసుధని సామర్లకోటలో కిరాణా వ్యాపారం చేసేవాళ్ళింటికి ఇచ్చారు. తమ్ముడు అడిగాడని ఆవిడ ప్రతి ఆదివారం రైలెక్కి వచ్చి, ఆ మూడంతస్తులూ ఎక్కి, మైకు ముందు కూర్చుని వేల వాక్యాలు చదివింది. "ఇదంతా ఎవరికోసంరా?" అని ఓసారి అడిగింది. "ఎవరికి కావాలంటే వాళ్ళకక్కా" అన్నాడు వినయ్. కొట్లో చిటికెడు పసుపు కూడా తూచి అమ్మే ఇంటి కోడలు, ఆ మాటకి ఎంతసేపు నవ్విందో! నవ్వి, మళ్ళీ చదివింది.

పోయినేడు కార్తీకమాసంలో ఆవిడ పోయింది. గుండెలో వాల్వు పాడైందన్నారు. ఆస్పత్రిలో డాక్టరు "ఆయాసం ఎప్పట్నించండి?" అని అడిగితే, బావ సత్తిబాబు వినయ్ మొహం చూశాడు. వినయ్ బావ మొహం చూశాడు. "ఈమధ్యేననుకుంటానండి" అన్నాడు వినయ్. "కాస్త ముందే తెలిసుంటే బాగుండేది" అన్నాడు డాక్టరు. ఆ మాట వినయ్ మనసులో ముల్లులా ఉండిపోయింది.

అక్క పోయాక అతనికి మిగిలింది ఒక్కటే కోరిక. ఆవిడ తనని "చంటీ" అని పిలవడం ఇంకొక్కసారి వినాలి. పెళ్ళి వీడియోలో బాజాల హోరు తప్ప మనుషుల మాటలు లేవు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టే అలవాటు అక్కకి లేదు, ఏదున్నా ఫోనే చేసేది. తన ప్రోగ్రాంలోనే "చంటీ" అని టైపు చేసి చూశాడు. అక్క గొంతే, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పినట్టు చదివింది. ఆ రోజు అతను అన్నం తినలేదు.

ఆ పిలుపు ఒకప్పుడు ఉంది. ప్రోగ్రాంతోపాటే పంచిపెట్టిన రికార్డింగుల నిండా ఉంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య అక్క నవ్వేది, దగ్గేది, "ఒరేయ్ చంటీ, కుక్కర్ కూత పెట్టింది, స్టవ్ కట్టెయ్" అనేది. వినయ్ అదంతా చెత్త అనుకున్నాడు. ఆ చెత్తని ఏరి పారెయ్యడానికి ప్రత్యేకంగా ఇంకో ప్రోగ్రాం రాశాడు. అది వాక్యం కానిదాన్నల్లా కోసి పారేసింది.

మామూలుగా ఈ పనిలో ఏదీ పోదు. చెరిపిన ప్రతిదానికీ పాత రూపం అడుగున భద్రంగా ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పైకి తీసుకోవచ్చు. కానీ పల్లెల్లో నెట్ నెమ్మది కదా, డౌన్‌లోడ్ చిన్నదవ్వాలని మనవాడు ఆ అడుగంతా కూడా గోకేశాడు. తన డిస్కులో ఉన్నదీ తుడిచేశాడు. సైజు సగానికి సగం తగ్గిందని తోటి ప్రోగ్రామర్లు మెచ్చుకుంటే పొంగిపోయాడు కూడానూ. ఇంత చదువుకున్నవాడికి ఒక్క కాపీ దాచుకోవాలన్న ఇంగితం లేకపోయింది!

ఇప్పుడు పొద్దున్నే ఫాంట్లూ లేవు, తగువులూ లేవు. ఊరికే ఇచ్చినదే కదా, ఎవరో ఒకరి దగ్గర పాత కాపీ ఉండకపోతుందా అని దేశదేశాలూ వెతికాడు. జర్మనీలో ఒక కాలేజీవాళ్ళ దగ్గర దొరికింది, అదీ శుభ్రం చేసిందే. బెంగళూరులో ఒకాయన తన దగ్గర ఉండేదనీ, డిస్కు చెడిపోయిందనీ బాధపడుతూ జవాబిచ్చాడు.

చివరికి అది తన ప్రోగ్రాం పేజీలోనే, జనం ఫిర్యాదులు రాసే చోట కనిపించింది. "కొత్తది నాకు నచ్చలేదండి. చదివేముందు ఆవిడ ఊపిరి తీసుకునేవారు, అది తీసేశారు. నేను పాతదే వాడుకుంటున్నాను." కింద పేరు తబిత, ఊరు కాకినాడ. వినయ్ వెంటనే జవాబు రాశాడు. అడిగి నంబరు తీసుకుని ఫోన్ చేసి, అక్క పిలుపు సంగతంతా చెప్పాడు. పాత ఫోల్డరు ఉన్నదున్నట్టే ఉందని చెప్పిందావిడ. అతను డిస్కు సంచిలో పడేసుకుని కాకినాడ బస్సెక్కాడు.

తబిత ఓడరేవు దగ్గర ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలోనే ఉంది. అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

"కొత్తది దించుకున్నాక పాతది తీసెయ్యమని మీరే రాశారండి. నాకు మనసొప్పలేదండి. రోజూ దగ్గర కూర్చుని పేపరు చదివిపెట్టిన మనిషిని ఎలా తీసేస్తామండి?"

వినయ్ సంచిలోంచి డిస్కు తీసి కంప్యూటర్‌కి తగిలించాడు. ఫోల్డరు తెరిచాడు. అన్నీ ఉన్నాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, చివరి ఆదివారాల్లో ఒకదాన్ని నొక్కాడు. ఫ్యాను చప్పుడు, కింద వీధిలో ఆటో హారన్, ఆపైన అక్క. వరిపంట గురించి ఏదో వాక్యం చదివి ఆగింది.

"ఒరేయ్ చంటీ..."

అక్కడికక్కడే ఆపేసి, మళ్ళీ పెట్టి విన్నాడు. ఇంకోసారి విన్నాడు. పరాయి ఇల్లని కూడా చూడకుండా ఏడ్చాడు. ఇంక చాలనుకుని వచ్చెయ్యాల్సింది. రాలేదు, తర్వాతది కూడా విన్నాడు.

"ఒరేయ్ చంటీ, కాస్త ఆగరా. ఆయాసంగా ఉంది."

ఆ వెంటనే మంచి హుషారుగా తన గొంతే వినిపించింది. "మెట్లెక్కొచ్చావు కదక్కా, అదేలే. నీ ఊపిరి శబ్దం మైకులో పడిపోతోంది. కాస్త బిగబట్టి చదువు."

"సరేలే నాన్నా" అంది అక్క. బిగబట్టి చదివింది.

ఇంకో ఆదివారం తెరిచాడు. అందులోనూ ఆయాసమే. వెనక్కి వెళ్ళేకొద్దీ తగ్గుతూ పోయింది. మొదటి ఆదివారాల్లో అసలు లేనే లేదు. డాక్టరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదిగో, వారం వారం, అక్క గొంతులోనే ఉంది. అతను రాసిన ప్రోగ్రాం దాన్ని ఎక్కడా పొరబడకుండా పట్టుకుని, ఒక్కటీ మిగల్చకుండా కోసేసింది.

"దొరికిందాండీ, మీ అక్కగారి పిలుపు?" అని అడిగింది తబిత.

"దొరికిందండి."

"పోన్లెండి, దేవుడు దయచూశాడు. మరి ఇప్పుడైనా పాతది తీసెయ్యమంటారా?"

"వద్దండి. ఏదీ తియ్యకండి."

అతను ఇయర్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు. తబితకి ఏదో మెసేజ్ వచ్చింది. ఆవిడ తడుముకుని మీట నొక్కింది. కంప్యూటర్‌లోంచి అక్క ముందుగా ఊపిరి తీసుకుంది. గదిలో అంత స్పష్టంగా వినిపించేసరికి వినయ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆగక్కా, ఇంక చదవకు" అన్నాడు.

అక్క ఆగలేదు. గ్యాస్ సిలిండర్ రేపు వస్తుందని చివరిదాకా చదివింది.