ఎర్ర దీపం ఆరాక

లానీ ప్రౌటీ ఇన్నేళ్లూ కిందపడే బతికాడు. నిచ్చెన మీంచి, మెట్ల మీంచి, కదిలే ట్రాము మీంచి పడేవాడు. ఆ మూకీ బొమ్మలు చూసి హాళ్లలో జనం పొట్టలు పట్టుకునేవారు. ఈ మధ్య మోకాళ్లు నేలకు కొట్టుకున్నా అతనికి నొప్పి తెలియడం లేదు.

ఇప్పుడు బొమ్మలకు మాటలొచ్చాయి. ఆ ఉదయం అతనికి టాకీ పరీక్ష. నెగ్గితే హాలీవుడ్‌లోని ఆ స్టూడియోలోనే ఉంటాడు. లేకపోతే మేకప్ గది తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోవాలి.

"మీసం గట్టిగా అంటించుకోరా, ఊడితే ఆ చప్పుడు కూడా మైకులో పట్టేస్తారట" అన్నాడు వాస్. మొదటి బొమ్మ నుంచీ లానీకి కెమెరా తిప్పింది అతనే.

"నిన్ను ఆ అద్దాల పెట్టెలో పెట్టి ఉడకేస్తారటగా?"

"కెమెరా గరగర వినపడకూడదట. మధ్యాహ్నానికి ఉడికిన బంగాళదుంపనవుతా, ఉప్పు తెచ్చుకో" అంటూ వాస్ పెట్టెలోకి దూరి తలుపేసుకున్నాడు.

"ఎర్ర దీపం వెలిగిందంటే శబ్దం రికార్డవుతున్నట్టే. అప్పుడు ఎవరన్నా కిసుక్కుమన్నారో, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు కొత్త దర్శకుడు.

దీపం వెలిగింది. లానీ టోపీ తీసి వంగి, కూర్చోబోయి కుర్చీ మీంచి జారి పడ్డాడు. పడి, అలవాటుగా ఆగాడు. మూకీలు తీసేటప్పుడు సెట్టు వడ్రంగులూ దీపాలవాళ్లూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు పొంగి తగ్గబోయే చోట లేచి రెండోసారి పడేవాడు. ఎప్పుడు లేవాలో ఆ నవ్వే చెప్పేది.

ఇప్పుడు చడీచప్పుడు లేదు. వడ్రంగులు టోపీలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. లానీ ఆగాడు. ఇంకా ఆగాడు. చెప్పాల్సిన మాట మర్చిపోయాడు.

"కట్. ప్రౌటీ గారూ, నిద్రపోయారా?"

"నవ్వు రాలేదండీ."

"చాలు. తాళంచెవి ఆఫీసులో ఇచ్చేయండి. తర్వాతి మనిషిని పిలవండయ్యా."

ఎర్ర దీపం ఆరింది. అంతసేపూ నవ్వు బిగబట్టిన వడ్రంగులు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఒకడు గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. లానీ ఒళ్లు ఆ నవ్వును పట్టుకుంది. అది తగ్గబోయే చోట లేచి, కుర్చీని తన్నుకుని, రెండోసారి పడ్డాడు. షూటింగ్ షెడ్డు నవ్వులతో దద్దరిల్లింది.

"ఇదేదో ఇందాకే చెయ్యొచ్చుగా?" అని విసుక్కుని దర్శకుడు అటు తిరిగాడు.

వాస్ చెమటతో తడిసి ముద్దై బయటికొచ్చాడు. "లేవరా లానీ, కెమెరా ఆపేశాను."

"తెలుసు" అన్నాడు లానీ. నవ్వు పూర్తిగా ఆగేదాకా లేవలేదు.