చాటుగా వేయించిన సూదులు

మూడేళ్లు నిండినా మల్లప్ప సరిగ్గా నడవలేదు. నిలబడితే మోకాళ్ల మధ్య పిల్లి దూరేంత సందు. అది డెబ్బై తొమ్మిదో సంవత్సరం. జహీరాబాద్ డాక్టరు చూసి, డీ విటమిన్ లేక ఎముకలు మెత్తబడ్డాయని చెప్పి, చేపనూనె సీసా తల్లి బస్వమ్మ చేతిలో పెట్టాడు.

వాళ్లది మెడలో లింగం కట్టుకునే ఇల్లు. చేప పేరెత్తితేనే స్నానం చేసే మనుషులు. అత్త గంగమ్మ సీసా లాక్కుని పెరట్లో పారబోసింది. "శివుడే నడిపిస్తడు తియ్," అంది. ఆ ఇంట్లో ఆమెకు ఎదురు చెప్పిందెవరు గనక!

అదే మందుకు సూది కూడా ఉందని ఆ డాక్టరు దగ్గరి కాంపౌండరు చెప్పాడు. సంత నెపం పెట్టుకుని బస్వమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని వెళ్లి సూది వేయించింది.

"ఒక్కటి చాలు. మల్ల మూడు నెలల దాక రావొద్దు," అన్నాడతను.

మూడు వారాలైనా కాళ్లు అలాగే ఉన్నాయి. కన్నతల్లికి మూడు నెలల ఓపిక ఎక్కడిది? రెండోది వేయిస్తే తొందరగా నడుస్తాడనుకుంది పిచ్చిది. ఇంకో డాక్టరు దగ్గర మొదటి సూది సంగతి దాచి వేయించింది.

మొదటి సూది పడ్డ రెండు నెలల్లోనే గంగమ్మ మనవణ్ణి తీసుకుని బీదర్ దగ్గరి పుట్టింటికి రెండుసార్లు వెళ్లొచ్చింది.

తర్వాత మల్లప్ప అన్నం మానేశాడు. నీళ్లు, నీళ్లు అని ఏడ్చేవాడు. తాగింది తాగినట్టే కక్కేవాడు. హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ పరీక్షల కాగితం చూసి ముఖం ముడుచుకుంది.

"డీ విటమిన్ ఎక్కువై విషమైంది. కిడ్నీలు పాడైనయ్. నిజం చెప్పున్రి, ఎన్ని సూదులు ఇప్పించిన్రు?"

అత్త పక్కనే ఉంది. అయినా బిడ్డ ప్రాణం ముందు ఆ భయమెంత!

"రెండు," అంది బస్వమ్మ, తిట్ల కోసం తల వంచుకుని.

తిట్లు రాలేదు. గంగమ్మ నేల మీద కూలబడింది.

"నేను సుత రెండు ఇప్పించిన, బీదర్‌ల. నూనె పారబోసినదాన్ని, ఏం మొకం వెట్టుకొని నీకు చెప్పాలె బస్వమ్మా?"

బస్వమ్మ ఆమెను తిట్టాలనుకుంది. కానీ దాచింది తను కూడా కదా. ఒక్క పొయ్యి మీద వండుకు తింటూ ఇద్దరూ ఒక్క మాట చెప్పుకోలేకపోయారు.

మూడోనాడు పొద్దున మల్లప్ప పోయాడు. బట్ట కప్పేముందు గంగమ్మ వాడి వంకర కాళ్లను రెండు చేతులతో దగ్గరికి చేర్చబోయింది. బస్వమ్మ ఆ చేతులు పట్టుకుంది.

"ఉండనియ్ అత్తా. వాడు గట్లనే మంచిగ ఉండె."