మావారు మొరిగిన పొద్దున

మా మేకకు మహారాణి అని పేరు పెట్టింది నేనే. ఆ పేరు పెట్టినందుకు అది నాకు మూడు చెరువుల నీళ్లు తాగించింది. తొలిచూలు ఈనిన పొద్దున, పిల్లను ఒకసారి వాసన చూసి, ఇదెవరో తనకు తెలియనట్టు మొహం తిప్పుకుంది. పిల్ల తడబడుతూ పొదుగు దగ్గరికి వెళ్తే కొమ్ములతో అవతలికి నెట్టేసింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ నెట్టింది. కాళ్లు పట్టుకుని పితకబోతే గిన్నె తన్నేసి, ఒక్క చుక్క కూడా వదలకుండా పాలు ఎగచేపింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముర్రుపాలు కడుపులో పడకపోతే పిల్ల సాయంత్రానికి దక్కదు.

"కన్నతల్లికే పట్టనిది నీకెందుకే? కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నారు మావారు, గుమ్మంలో పళ్లు తోముకుంటూ.

అత్తగారు పిల్లను ఒళ్లో పెట్టుకుని పాతగుడ్డతో తుడుస్తున్నారు.

"కుక్కను తీసుకురా అమ్మాయ్. పిల్లకు ఆపద వస్తే తల్లికి తల్లినని గుర్తొస్తుంది," అన్నారు.

మా కుక్క పేరు పులి. పులితనమంతా ఆ పేరులోనే ఉంది. పాకలోకి లాక్కొస్తే తోకూపి, గడ్డి మీద గుండ్రంగా తిరిగి, ముడుచుకుని పడుకుంది. మహారాణి దాన్ని చూడనైనా లేదు.

అత్తగారు కొడుకు వైపు చూశారు. నేనూ చూశాను.

"నేనా? నేను లెక్కల మాస్టర్నమ్మా!"

"అయితే మొరగడం రాదా? నీ క్లాసు పిల్లల్నడిగితే చెప్తార్లే. వంగు."

పిల్లను నేల మీద నిలబెట్టి, నల్ల కంబళి కప్పి ఆయన్ని మోకాళ్ల మీద దింపాం. మొదటి మొరుగుడు దగ్గులా ఉంది. నేను నవ్వాను. దాంతో ఆయనకు రోషం వచ్చింది. భౌమంటూ పిల్ల మీదికి ఎగిరారు. పిల్ల భయపడి సన్నగా అరిచింది.

మహారాణి చెవులు నిక్కాయి. తల వంచి పరుగెత్తుకొచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. మావారు కంబళితో సహా వెళ్లి పులి మీద పడ్డారు. మహారాణి పిల్లకు అడ్డంగా వచ్చి, ఎవరొస్తారో రండి చూద్దాం అన్నట్టు నాలుగు కాళ్లూ తన్నిపెట్టి నిలబడింది. దాని కింద పిల్ల తలతో పొదుగును పొడిచి, చన్ను వెతికి పట్టుకుంది. ఈసారి మేక కదల్లేదు. పాలు చేపింది. పిల్ల గుటకలు మాకు వినిపించాయి, దాని బుల్లి తోక గిరగిరా ఆడింది.

నేను ఈల వేశాను. పెళ్లయ్యాక ఈల వేయడం అదే మొదలు. అత్తగారు తిట్టకపోగా చప్పట్లు కొట్టారు.

"ముందు నన్ను లేపండి! నడుం పోయింది," అన్నారు మావారు గడ్డిలోంచి.

"కాసేపు అలాగే ఉండరా, అది బెదురుతుంది," అన్నారు అత్తగారు. తర్వాత గొంతు తగ్గించారు. "నువ్వు పుట్టినప్పుడు నేనూ ఇలాగే మొహం తిప్పుకున్నాను. ఎందుకో తెలియదు, నిన్ను ముట్టుకోబుద్ధయ్యేది కాదు. చివరికి మీ మేనత్త నిన్నెత్తుకుని, నేను పెంచుకుంటానంటూ గడప దాటింది. అంతే, మంచం దిగి దాని జుట్టు పట్టుకున్నాను."

మావారు కంబళిలోంచి తల బయటపెట్టి తల్లి వైపు చూశారు.

"అయితే అత్త కూడా మొరిగిందన్నమాట," అన్నారు.

"నీకంటే బాగా," అన్నారు అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ.

పిల్ల రెండో చన్ను అందుకుంది.