తన ఇంటి ముందు క్యూ

...ఫోన్ చేసి చెప్పి ఉంటే సరిపోయేది, ఒక్క మాటే కదా, ఇల్లు అద్దెకివ్వడం లేదమ్మా, అమ్మేస్తున్నాం, శనివారం ఎవర్నీ రమ్మనకు అని. అది చెప్పడానికి నోరు రాక ఇంత దూరం నడిచి వచ్చాడంటే దాన్ని ఏమనాలి? మర్యాద అనాలా, పిరికితనం అనాలా, లేక ఆల్విన్‌కి అసలు ఇల్లు అమ్మడమే ఇష్టం లేదనాలా? ఇష్టం లేదని కూడా అతను గట్టిగా అనలేడు. అమ్మ పోయింది మొన్న ఆకులు రాలే కాలంలో. ఆ ఇంటి మీద తనకు ప్రేమ ఉందో లేదో తేల్చుకుందామని అప్పట్నుంచీ లోపల ఎంత తడిమి చూసుకున్నా చేతికేమీ తగలడం లేదు.

తీరా వచ్చి చూస్తే అమ్మ ఇంటి గేటు నుంచి వీధి మలుపు దాకా జనం.

ఈ కర్రాబిన్ ఊళ్ళో అద్దె ఇల్లు చూపిస్తున్నారంటే క్యూ ఉంటుందని అతనికి తెలియక కాదు. కానీ అది వేరేవాళ్ళ ఇళ్ళ ముందు. పదేళ్ళ కిందట ఈ వీధిలో శనివారం పూట కుక్క అడ్డంగా పడుకుంటే లేపేవాడు ఉండేవాడు కాదు. ఇప్పుడు ఒకే వరస బళ్ళు పట్టే వంతెన మీద పొద్దున్నే కార్లు ఆగిపోతున్నాయి, డాక్టరమ్మ కొత్త రోగుల్ని చూడనని తలుపుకి కాగితం అంటించింది, సాయంత్రమైతే కుళాయిల్లో నీళ్ళు సన్నబడుతున్నాయి. ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారో ఆల్విన్‌కి అర్థం కాదు. వచ్చినవాళ్ళలో సగం మంది ఇక్కడే పుట్టినవాళ్ళని విన్నప్పుడు ఇంకా అర్థం కాదు.

గుమ్మంలో నీలం కోటు వేసుకుని నిలబడ్డ పిల్ల కిర్రిలీ అయి ఉండాలి, ఫోన్లోనే ఇల్లు అప్పజెప్పిన అద్దెల ఏజెంటు. ఆమె గొంతు తెలుసు గాని మొహం తెలియదు. ఆమెకూ అంతే. నేరుగా నడిచి వెళ్ళి చెవిలో చెప్పేసి వచ్చేయవచ్చు. అయితే ముందు క్యూ ఉంది. ఉన్న క్యూ పక్కనుంచి ముందుకు నడిచే మనిషిని ఈ ఊళ్ళో ఎవరూ ఏమీ అనరు. చూస్తారంతే. ఆ చూపు పడ్డ మనిషి ఇరవై ఏళ్ళయినా దాన్ని కడుక్కోలేడు. ఇల్లు నాదేనండీ అని పైకి చెప్పుకుంటూ పోవడం అంతకన్నా సిగ్గు. అతను ఇవన్నీ తూచుకుంటూ ఉండగానే కాళ్ళు వాటంతటవే వెళ్ళి ఆఖర్న నిలబడ్డాయి. వంతు వచ్చినప్పుడే చెబుదాం అనుకున్నాడు. అలా అనుకున్నాక మనసు కాస్త తేలికపడింది. ఎందుకు తేలికపడిందో కూడా తెలియలేదు.

అతని ముందున్న మనిషి వెనక్కి తిరిగింది. నలభై దాటిన ఆడమనిషి, వృద్ధాశ్రమం వంటింటి యూనిఫాం మీదే వచ్చింది. నెత్తిన ఐస్‌క్రీం డబ్బా బోర్లించుకుని, దాని వెనక వైపు నల్లరంగుతో రెండు పెద్ద కళ్ళు గీసుకుంది.

"ఒట్టి తలతో వచ్చారేంటి పెద్దాయనా? ఆ స్తంభం మీద మాగ్‌పై పిట్టని చూశారా? పిల్లల్ని పెట్టిందంటే మనుషుల్ని చూస్తే మంట దానికి. వెనక కళ్ళు కనబడితే జంకుతుంది. ఇందాకే ఆ టై కట్టుకున్నాయన చెవి పొడిచింది."

"నన్నేం చెయ్యదులెండి," అన్నాడు ఆల్విన్. చిన్నప్పట్నుంచీ ఆ పక్షులకు తన మొహం తెలుసు అనబోయి ఆగిపోయాడు.

"ఏమైనా దాని పనే బాగుంది. గూడు ఉంది, ఖాళీ చెయ్యమనేవాళ్ళు లేరు," అంది ఆమె. "నా పేరు షోనా. మీరెక్కడ పడుకుంటున్నారు?"

ఈ మధ్య ఊళ్ళో ఎవరూ ఇల్లెక్కడ అని అడగడం లేదు. ఇలాగే అడుగుతున్నారు.

"బస్సు డిపో వెనకాల," అన్నాడు. అది నిజమే. స్కూలు బస్సు నడిపేవాడికి డిపో వాళ్ళిచ్చిన రెండు గదులున్నాయి అక్కడ.

"బస్సులోనా!" అంది షోనా, గొంతు తగ్గించి. అతను కాదనే లోపలే తల ఊపేసింది. "సిగ్గుపడకండి. మేం పశువుల షో జరిగే మైదానంలో ఉంటున్నాం, గొర్రెల షెడ్డు పక్కన కారవాన్ బండిలో. నేనూ మా నాన్నా. గురువారానికి ఖాళీ చెయ్యాలి. షో వచ్చేస్తోంది కదా. మమ్మల్ని లేపి మేం పడుకున్న చోటే మెరీనో పొట్టేళ్ళని కడతారు. పైగా వాటికి బహుమతులు."

ముందున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆల్విన్ కూడా నవ్వాడు. ప్రతి ఏడూ ఆ షోకి వెళ్ళేవాడు తను. షో కోసం ఎవరో లేచి పోవలసి వస్తుందని ఏనాడూ తట్టలేదు.

"అవతల కొత్త కాలనీలో ఇళ్ళు కట్టి ఉన్నాయి కదా," అన్నాడు.

"ఎందుకు లేవు? గోడలున్నాయి, కిటికీలున్నాయి, గుమ్మానికి రంగు కూడా వేశారు. మురుగు పోయే దారే లేదు. పంపు స్టేషను వచ్చే ఏడు వస్తుందట, అందాకా తాళాలు. మనుషులన్నాక దొడ్డికి వెళ్తారని ఆ గీతలు గీసినవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు చూడండి!"

క్యూ నాలుగడుగులు కదిలింది. ఆల్విన్ జేబులో ఫోన్ మోగింది. అక్క రొవీనా, మెల్‌బోర్న్ నుంచి. ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. పడగొట్టి నాలుగు చిన్న ఇళ్ళు కడతానన్న కంపెనీకి ఇవాళే జవాబు చెప్పాలి.

"ఒరే, ఆ ఏజెంటు పిల్లకి చెప్పావా?"

"ఇంకా లేదక్కా. క్యూలో ఉన్నాను."

"ఏం క్యూ?"

"మనింటిదే."

"నీకు మతి పోయిందట్రా? ముందుకెళ్ళి చెప్పు!"

"ముందు జనం ఉన్నారే."

"అది నీ ఇల్లురా బాబూ!"

"అయితే మాత్రం?" అన్నాడు గొణుగుతూ. షోనా వింటోందేమోనని పక్కకి తిరిగాడు.

"సరే విను. నువ్వు ఊ అంటే సంతకం పెడతాను, ఊహూ అంటే మానేస్తాను. ఏదో ఒకటి అను. అమ్మ దగ్గర కూడా ఇంతే నువ్వు, అన్నం కావాలా రొట్టె కావాలా అంటే చేతులు నలుపుకుంటూ నిలబడేవాడివి." ఫోన్ పెట్టేసింది.

అక్క అన్నదాంట్లో తప్పేముంది? ఒక ఇల్లు పోతే నాలుగిళ్ళు వస్తాయి. ఇంతమంది నిలబడ్డ వీధిలో నలుగురికి చోటు దొరుకుతుంది. అది మంచిపనే. అలాగని ఇల్లు ఉంచితే రేపే ఒకరు లోపలికి వస్తారు. అదీ మంచిపనే. రెండూ మంచివైతే తేల్చుకోవడం తేలికవ్వాలి గాని ఇలా అడ్డం పడుతోందేమిటి? అమ్మ మీద బెంగ కాదు. అమ్మ కఠినమైన మనిషి, ఆ ఇంట్లో అతను గట్టిగా తుమ్మడానికి కూడా భయపడేవాడు. మరి ఇప్పుడు లోపలి నుంచి బయటికొస్తున్న జంట, "బాత్రూంలో ఆ ఆకుపచ్చ పలకలేంటి, ఆస్పత్రిలా," అని నవ్వుకుంటుంటే తననెవరో గిల్లినట్టు ఎందుకుంది? ఆ నొప్పి తనదా, అమ్మదా? చచ్చిపోయినావిడ రోషం తనలో దూరి కూర్చుందా?

అతనికి క్యూలు కొత్త కాదు, క్యూలో నిలబడడమే కొత్త. రోజూ స్టీరింగు వెనకనుంచి చూస్తాడు. ఈ ఏడు రెండో స్టాపుకే బస్సు నిండిపోతోంది. మూడో స్టాపులో పిల్లల మొహాల ముందు తలుపు మూసేది తనే. మూసేటప్పుడు వాళ్ళ కళ్ళలోకి చూడకుండా అద్దంలోకి చూడడం అలవాటు చేసుకున్నాడు.

"ఏం ఆలోచిస్తున్నారు?" షోనా అతని మోచేతిని తట్టింది. "దిగులు పడకండి. ఎలా మాట్లాడాలో నేను చెబుతాను. కుక్క లేదనండి, ఉన్నా సరే. తోటపని వచ్చుననండి. ఆ పిల్ల ముందు ఫోన్ మాట్లాడకండి, సమస్యలున్న మనిషనుకుంటుంది."

"తోటపని వచ్చు," అన్నాడు ఆల్విన్. ఆ వెనక పెరట్లో మొక్కలన్నీ అతను నాటినవే.

"చూశారా!" ఆమె ఒక్క క్షణం అతన్ని పైనుంచి కింది దాకా చూసింది, బజారులో పాత సైకిలు బేరమాడే మనిషిలా. "ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఇందులో మూడు పడకగదులున్నాయట. నా ఒక్కదాని జీతం చూసి వాళ్ళు ఇవ్వరు. మీరూ మేమూ కలిసి అడుగుదామా? వెనక గది మీరు తీసుకోండి. మా నాన్న మంచివాడు, నోరు కొంచెం ఎక్కువ. మీకు గురక ఉందా?"

"తెలియదు. చెప్పేవాళ్ళెవరూ లేరు."

"అయితే ఉన్నట్టే," అని నవ్వింది.

వెనక గది. ముప్పై రెండేళ్ళు వచ్చేదాకా అతను పడుకున్న గది. ఆల్విన్ వద్దనవలసిన సమయం అదే. కానీ నోటికి అడ్డంగా వింత కోరిక ఒకటి వచ్చి నిలబడింది. ఆ గది తనకు ఎవరైనా ఇవ్వాలని. తను అడిగితే, ఇంతమందిలోంచి వేలు చూపించి, నువ్వు రా అనాలని. పుట్టడం వల్ల దొరికిన ఇంట్లోకి తనను ఎన్నడూ ఎవరూ రమ్మని పిలవలేదు. దాని వెంటే భయం కూడా వచ్చింది, ఒకవేళ వద్దంటే? యాభై ఏడేళ్ళ ఒంటి మనిషి, చదువు అంతంత మాత్రం. తనే ఇంటివాడైతే తనకి ఇస్తాడా? తనే ఇంటివాడు కదా? ఆలోచన అక్కడికొచ్చి తన తోక తనే తొక్కుకుని ఆగిపోయింది.

"సరే," అన్నాడు.

ఏమన్నాడో తనకే వినబడి ఉలిక్కిపడేసరికి వాళ్ళు మెట్ల దగ్గరికి వచ్చేశారు. కిర్రిలీ లోపలినుంచి చివరి జంటను బయటికి పంపి తలుపు లాగేసింది.

"సారీ అండీ. చూపించే పావుగంట అయిపోయింది. ఇంకో ఇల్లు చూపించాలి నేను. వచ్చే శనివారం రండి."

"వచ్చే శనివారం నేను ఎక్కడుంటానో నాకే తెలియదమ్మా," అంది షోనా. గొంతులో కోపం లేదు. బస్సు తప్పిన పిల్లల మొహాల్లోనూ కోపం ఉండదు. ఆమె డబ్బా టోపీ తీసి జుట్టు వెనక్కి తోసుకుంది. "పదండి పెద్దాయనా."

ఆల్విన్ కదల్లేదు. "కిర్రిలీ, నేను ఆల్విన్ ట్రేసీని."

ఆ పిల్ల రెండు క్షణాలు చూసింది. "ట్రేసీ గారా? అయ్యో సార్, మీరా! క్యూలో నిలబడ్డారేంటి? ఇందాకే మీ అక్కగారు ఫోన్ చేశారు, ఇల్లు పడగొట్టేవాళ్ళకి అమ్మేస్తున్నారట కదా, ఈ చూపించడాలు ఆపమన్నారు. మీరు ఊ అంటేనే ఆపుతానని చెప్పాను."

షోనా మెట్టు దిగబోయి ఆగింది. మెల్లగా అతని వైపు తిరిగింది.

"ఇల్లు నీదా?"

"నాదీ, మా అక్కదీ."

"పడగొట్టేస్తారా?"

"ఇంకా అనుకోలేదు. నాలుగిళ్ళు వస్తాయి దీని చోట."

"ఎప్పటికి?"

"రెండేళ్ళకంటున్నారు."

"నాకు గురువారం," అంది షోనా. ఆ తర్వాత కోపం వచ్చింది. "ఇంతమందిని ఎండలో నిలబెట్టి వెనకనుంచి చూస్తున్నావా? నీ గురక గురించి అడిగించుకున్నావు నా చేత! ముందుకొచ్చి లేదు పొమ్మంటే పోయేవాళ్ళం కదయ్యా!"

"క్యూ ఉంది కదా అని..."

చెప్పాక ఆ మాట ఎంత వెర్రిగా ఉందో తెలిసింది. కానీ అంతకు మించిన కారణం వెతికితే దొరకలేదు. ఆమె గబగబా గేటు దాటి తన కారు వైపు వెళ్ళిపోయింది.

"ఏం చెయ్యమంటారు సార్?" అంది కిర్రిలీ.

ఏం చెయ్యాలో అతనికి ఇప్పటికీ తెలియదు. ఈమెకిస్తే మిగిలిన ముప్పై మందికి ఇవ్వనట్టే. ఈమె నవ్వించింది గనక ఇస్తున్నాడా? తిట్టింది గనకా? ఇది దయ అవునో కాదో, రేపు పొద్దున్న అక్క అడిగితే ఏం చెబుతాడో, ఏదీ తేలలేదు. తేలేదాకా ఆగితే ఎప్పుడూ ఆగినట్టే అవుతుందని మాత్రం లీలగా తోచింది. ఫోన్ తీసి అక్కకి ‘వద్దు’ అని ఒక్క మాట రాసి పంపాడు. కిర్రిలీ చేతిలోంచి తాళంచెవి తీసుకుని గేటు దాటాడు. మాగ్‌పై అతని నెత్తి మీదుగా దూసుకుపోయి ఎవరి టోపీనో తన్నింది.

షోనా కారు మొదటిసారి తిప్పితే అందుకోలేదు. రెండోసారి దగ్గింది. ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తోంది, పక్కన మనిషి నిలబడ్డాడని తెలిసినట్టే ఉంది, అద్దం మాత్రం దించలేదు. మూడోసారి ఇంజను అందుకుంది.

అతను తాళంచెవి ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేతి వేలి కణుపుతో అద్దం మీద తట్టాడు.